చుక్క కారని బండి

మా చిన్నాయన లేచిపోలేదు. ముందు ఈ మాట తేల్చి, మిగతాది తర్వాత చెప్తాను. ఎందుకంటే మా చుట్టాల్లో పెళ్లికి నలుగురు చేరినా, దినానికి నలుగురు చేరినా ఆ కథ ఒకే తీరుగా నడుస్తుంది. "బండి లీకు బందు చేసుకొని మరీ పోయిండు, జాడ దొరకొద్దని" అని ఒకరు అందుకుంటారు. "లింగంపల్లి టీచరమ్మతోటి బొంబాయి పోయిండు" అని ఇంకొకరు ముగిస్తారు. బొంబాయి ఒక్కోసారి పూనా అవుతుంది. ఒక పెళ్లిలో దుబాయి కూడా అయింది. అందరూ నవ్వుతారు, ఎవరో నా చేతిలో గులాబ్‌జామ్ గిన్నె పెడతారు, కథ అయిపోతుంది.

ఆయన ఎవరితో లేచిపోయాడని చెప్తున్నారో ఆ మనిషి మర్నాడు పొద్దున మా క్లాసులో బోర్డు మీద వృత్తం గీసి స్పర్శరేఖ పాఠం చెప్పింది. నేను బెంచీ మీద కూర్చుని రాసుకున్నాను. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మావాళ్లు ఒక క్షణం ఆగి, "అయితే ఇంకెవరితోటో పోయి ఉంటడు" అంటారు. సాక్ష్యం ఎదురుపడితే కథ మార్చుకోవాలి గాని, కథలో ఆడదాన్ని మార్చుకుంటే ఎట్లా?

మొన్న నార్సింగి అవతల ఒక ఫంక్షన్ హాలులో మా మేనకోడలి పెళ్లి. భోజనాలయ్యాక కారు కోసం కిందికి దిగితే పార్కింగులో ఆ వాసన తగిలింది. మాడిన వెల్లుల్లి, తడిసిన ఇనుము, మధ్యలో అప్పుడే గీసిన అగ్గిపుల్ల. పాత గేరు నూనె. స్తంభం పక్కన ఒక పాత విలాయతి మోటారు సైకిలు నిలబెట్టి ఉంది. దాని కింద నున్నటి సిమెంటు మీద అరచేయంత నల్లటి మరక. బండి కుర్రవాడు, పెళ్లికొడుకు స్నేహితుడట, మోకాళ్ల మీద కూర్చుని పాత బనీనుతో తుడుస్తున్నాడు.

"గేరుబాక్సు కారుతోంది బాబూ" అన్నాను.

"ఈ బండ్లన్నీ అంతే ఆంటీ. ఇది లీకు కాదు, క్యారెక్టర్."

"నూనె ఎక్కువ పోసి ఉంటావు. మూతలో ఊపిరి రంధ్రం పూడిందేమో కూడా చూసుకో."

అతను నా పట్టుచీరను, నన్ను మార్చి మార్చి చూశాడు. నా వెనక మెట్ల మీద మావాళ్లు అప్పటికే ఆ బండిని చూశారు, కథ మొదలుపెట్టారు. మా నాయిన కూడా వాళ్ల మధ్యే ఉన్నాడు, వక్కపొడి నములుతూ, నవ్వుతూ.

ఇప్పుడు అద్దాల ఆఫీసులు, పైవంతెనలు, అర్ధరాత్రి దాకా దోసెలమ్మే బండ్లు ఉన్న ఆ తట్టున మాకు జొన్న చేను ఉండేది. చేను చుట్టూ ఇళ్లంత రాతి గుండ్లు, గుండ్ల సందుల్లో సీతాఫలం చెట్లు. వానలు వెనకపట్టే కాలంలో ఊరంతా రెండు వాసనలు: పండిన సీతాఫలాలది ఒకటి, రాళ్లు పేల్చిన మందుది ఒకటి. గుండ్రటి పెద్ద బిల్డింగ్ ఒకటి లేస్తోందని, దానికోసం రోడ్డు వేస్తున్నారని మధ్యాహ్నాలు ఈల ఊది, ఎర్ర జెండా ఊపి బండలు పేల్చేవాళ్లు. ఇంట్లో ఇత్తడి గిన్నెలు గణగణమనేవి. నాయనమ్మ రొట్టె కొట్టడం ఆపి, "ఇగ ఈ గుండ్లు గూడ కాళ్లొచ్చి పోతున్నయి" అని, మళ్లీ కొట్టేది.

చిన్నాయన మా నాయినకు తమ్ముడు. పెళ్లి కాలేదు. ఆయన బండి గురించి చెప్పాలంటే ముందు బర్రెల గురించి చెప్పాలి. బొల్లారంలో మిలిటరీ వంటపని చేసి దిగిపోయిన ఒక ముసలాయనకు రెండు పాడి బర్రెలనిచ్చి, బదులుగా ఆయన కొట్టంలో పడి ఉన్న ఆ విలాయతి బండిని తెచ్చాడు. దొరలు వెళ్లిపోయేటప్పుడు వదిలేసిన బండి అని ముసలాయన చెప్పాడట. "పాలిచ్చే గొడ్లనిచ్చి నూనె కార్చే గొడ్డును తెచ్చిండు నా కొడుకు" అని నాయనమ్మ ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పేది. దాని గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఒక్క రౌండు అని అడిగి తీసుకుపోయినవాళ్లందరూ బ్రేకు అనుకుని గేరు తొక్కి ముళ్లకంచెలో తేలారు.

కారడమంటే మామూలు కారడం కాదు. ఇంజను వెనక వేరే పెట్టెలా ఉండే గేరుబాక్సు మూడు చోట్ల కారేది: కిక్కు రాడ్డు దగ్గర, పక్కమూత అంచున, గొలుసు పళ్లచక్రం వెనక. దాని కింద ఒక రేకు పళ్లెం ఉండేది. పళ్లెంలో పడిన నూనె తలుపు బందులకు, బావి గిలకకు, ఈగలు ముసరకుండా బర్రెల వీపులకు. ఇంట్లో కిర్రుమనే వస్తువు ఒక్కటి ఉండేది కాదు. మాకు అంతా ఆ వాసనే, రొట్టెల్లో కూడా.

ఇంకో ఉపయోగం ఉండేది, ఇప్పుడు నవ్వులాటగా చెప్పుకునేది. చిన్నాయన ఎక్కడ ఆగాడో ఆ చుక్కలు చెప్పేవి. నడిచే బండి చుక్క చుక్కగా రాలుస్తుంది, ఆగిన బండి ఒకేచోట మడుగు కడుతుంది. పొద్దుగూకినా ఆయన రాకపోతే నాయిన నాతో, "మీ చిన్నాయన యాడున్నడో సూసిరాపో" అనేవాడు. నేను నేల చూసుకుంటూ నడిచేదాన్ని. కల్లు కంపౌండు ముందు మడుగు ఉంటే లోపల ఉన్నట్టు. మడుగు దాటి చుక్కలు ముందుకు పోతే వెళ్లిపోయినట్టు. గుండ్ల మీద పడినవి వారాలకు వారాలు అట్లాగే ఉండేవి. నాయనమ్మ అయితే వాకిట్లోంచి కదలకుండానే చెప్పేది: "ఇయ్యాల సుక్కలు నల్లగున్నయి, అంటే చానా దూరం పోయొచ్చిండు. బండి నాకు చెప్తది." ఆమె దాన్ని తిట్టేది గాని, పొద్దున లేచి మొదట చూసేది ఆ పళ్లేన్నే.

నేను అప్పుడు పదో తరగతి. ఆదివారాలు లెక్కల ట్యూషనుకి లింగంపల్లిలో మా టీచర్ ఇంటికి చిన్నాయన నన్ను దింపేవాడు. ఆమె కోస్తా మనిషి. తల్లితో కలిసి రైలు పట్టాలవతల కాలనీలో కిరాయికి ఉండేది. నేను లోపల త్రికోణమితితో కుస్తీ పడుతుంటే చిన్నాయన గేటు దగ్గర, శుభ్రంగానే ఉన్న ట్యాంకిని తుడుస్తూ నిలబడేవాడు. మొదటి ఆదివారమే నూనె వాళ్ల ముగ్గు మీద పడింది.

"ఏమండీ" అంది టీచర్ కిటికీలోంచి, "మా ముగ్గుకి చుక్కలు నేనే పెట్టుకుంటాను. మీరు సాయం చేయక్కర్లేదు."

"తుడుస్త టీచరమ్మా."

"తుడవకండి, ఇంకా పాముతుంది. కాస్త ముగ్గుపిండి జల్లి వదిలేయండి, అదే పీల్చుకుంటుంది."

చిన్నాయన ముగ్గుపిండి జల్లాడు. మా ఇంట్లో నీళ్లగ్లాసు తీసి పక్కన పెట్టని మనిషి. నేను కోణాలు వదిలేసి ఆ దృశ్యం చూస్తూ కూర్చుంటే, టీచర్ వాళ్లమ్మ పెసరట్టు, అల్లప్పచ్చడి తెచ్చి నా ముందు పెట్టి, "ఆయనకీ ఒకటి ఇచ్చిరామ్మా" అంది. చిన్నాయన గేటవతల నిలబడే తిన్నాడు. లోపలికి రమ్మని వాళ్లు అనలేదు, ఈయన అడగలేదు.

తర్వాత కొన్నాళ్లకు నేను గమనించాను, మేము వెళ్లేసరికే గేటు దగ్గర నూనె మడుగులు ఉంటున్నాయి. ముగ్గుపిండి కప్పినవి. ఆదివారం కాని రోజులవి. నాకంటే ముందు ఇంటి ఓనరమ్మ గమనించింది. ఒకరోజు మేడ మెట్ల మీద బియ్యం చెరుగుతూ, వీధికంతటికీ వినబడేట్టు, "టీచరమ్మా, శుక్కురారం గూడ మీ నూనెబండి వచ్చినట్టుంది గదా" అంది.

టీచర్ నా నోటుపుస్తకం మూసి, లేచి గేటు దాకా వెళ్లింది. నేను కిటికీ దగ్గరికి జరిగాను. జరగకుండా ఎట్లా ఉంటాను?

"చూడండి" అంది మెల్లగా, "మీరు రావడం నాకు ఇబ్బంది కాదు. మీరు వచ్చినట్టు వీధంతా నేల మీద రాసి ఉండటం ఇబ్బంది. ఇల్లు ఖాళీ చేయమంటారు మమ్మల్ని. ఆ కారడం ఆగేదాకా ఇటు రాకండి."

"ఆగినంక?"

"ఆగాక మా అమ్మతో మాట్లాడటానికి రండి. గేటు లోపలికి."

తిరుగుదారిలో చిన్నాయన మూడో గేరు వేయడం మర్చిపోయి ఇంటిదాకా రెండులోనే తోలాడు. "ఏం అడిగింది టీచరు?" అన్నాను ఆయన చెవిలో.

"గేరుబాక్సు అడిగింది" అన్నాడు.

జాడ దొరకకుండా పోవడానికి లీకు ఆపుకున్నాడట. ఒక ఆడమనిషి పరువు నేల మీద పడకుండా ఉండటానికి ఆపుకున్నాడు. ఆ గేటు దగ్గర ఆ మాటలు విన్నది నేను, ఫంక్షన్ హాలు మెట్ల మీద కూర్చున్న వాళ్లు కాదు.

ఇక నేను ట్యూషనుకు బస్సులో పోయి వచ్చేదాన్ని. ఆ వానాకాలం ఆదివారాల్లో మిగిలిన పొద్దంతా మా వాకిట్లో గోనెపట్టా మీద గడిచింది. అంతకుముందు ఆ బండికి జరిగిన వైద్యం ఊరి వైద్యమే: సందుల్లో సబ్బుముక్క రుద్దడం, నూలు దారం చుట్టడం, కారినకొద్దీ పైనుంచి పోయడం. ఈసారి చిన్నాయన మొత్తం విప్పాడు. పక్కమూత తీస్తే లోపల పళ్లచక్రాలు తేనెరంగు నూనెలో మెరుస్తూ కనిపించాయి. బయటికి అంత మురికిగా కనిపించే వస్తువు లోపల అంత శుభ్రంగా ఉండటం నాకు కోపం తెప్పించింది.

"అసలెందుకు కారుతది ఇది?"

"విలాయతిల సలి బిడ్డా. ఆడ నూనె గడ్డకట్టి ఉంటది. ఈడి ఎండకు పలచనైతది."

"అయితే ఎండను బందు చెయ్యి."

"నువ్వు ముందు నోరు బందు చేసి ఆ పానా అందుకో."

పక్కమూతకు గాస్కెట్, అంటే సందు మూసే అట్ట, మా మేనత్త పెళ్లి శుభలేఖతో చేశాం. అట్టను మూత అంచు మీద పరిచి, చిన్న సుత్తితో చుట్టూ తడుతూ పోతే అంచే దాన్ని కోసేస్తుంది. పెళ్లికొడుకు పేరుకూ పెళ్లికూతురు పేరుకూ మధ్య సరిగ్గా బోల్టు రంధ్రం పడింది. మా మేనత్తకు అది ఇప్పటికీ తెలియదు, ఇది చదివితే తెలుస్తుంది. కిక్కు రాడ్డు దగ్గర అరిగిన బుష్షుకు బదులు బాలానగర్ లేతు షాపులో ఇత్తడిది తిప్పించుకొచ్చాడు. పళ్లచక్రం నట్టు ఊడదీయడానికి మాత్రం పొద్దంతా పట్టింది. అది ఉల్టా మర, బిగించేవైపు తిప్పితేనే ఊడుతుంది. "ఈ బండిల అన్నీ సీదా పోతయి, ఇదొక్కటే ఉల్టా. మీ నాయనమ్మ లెక్క" అన్నాడు చిన్నాయన. నాయనమ్మ విని చాట విసిరింది.

ఆ చక్రం వెనకే అసలు దొంగ ఉంది. అక్కడ ఒక ఉన్ని వలయం ఉండాలి, నూనెను పట్టి ఆపేది. మాదాంట్లో అది ఎప్పుడో కుళ్లి మట్టైపోయింది. విలాయతి వలయం ఎక్కడ దొరుకుతుంది? చిన్నాయన చూపు దండెం మీది గొంగడి మీద పడింది. అది పోయిన మా తాతది. వానొస్తే నాయనమ్మ కప్పుకునేది, రాకపోతే తల కింద పెట్టుకునేది.

ఆమె పక్కింటికి పోయిన సమయం చూసి ఒక మూల కోశాం. కుంకుడు రసంలో ఉడకబెట్టాం. పప్పు గిన్నెలోనే, వేరే గిన్నె దొరకలేదు. బండ మీద వేసి బాదాం, మళ్లీ ఉడకబెట్టాం. ఉన్ని ముడుచుకుని ముడుచుకుని చెప్పు అట్టలా గట్టిపడింది. దాన్ని గుండ్రంగా కోసి, కరిగించిన గ్రీజులో నానబెట్టి, చక్రం వెనక దూర్చాడు. అతికినట్టు కూర్చుంది.

నాయనమ్మ వచ్చీరాగానే ముక్కెగరేసింది. "పప్పుల గొర్రె వాసనేందే?"

నేను చిన్నాయన వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు. ఆమె దండెం దగ్గరికి పోయి గొంగడి విప్పి, కోసిన మూల వేళ్లతో తడిమింది. తిడుతుందనుకున్నాం. తిట్టలేదు.

"మీ తాత గొంగడిని దాని కడుపుల పెట్టిండ్రా" అంది. "ఇగ మీ తాతనే కాయాలె వాణ్ని."

ఆ సాయంత్రం మా ఇంట్లో మక్కగారెలు చేశారు. పిండి కలిపింది ఆ గిన్నెలోనే, రెండో గారె ఎవరూ అడగలేదు.

అయినా కారింది. తక్కువే గాని కారింది. చిన్నాయన వాకిట్లో గొంతుక్కూర్చుని చాలాసేపు ఆ బండిని చూశాడు. తర్వాత నూనె పోసే మూత తీసి వెలుగుకు పట్టుకుని, "పిల్లా, దబ్బనం తే" అన్నాడు. మూత నడిమధ్యన సూది దూరేంత రంధ్రం, ఏళ్ల మట్టి పట్టి మూసుకుపోయి ఉంది. "ఊపిరి ఆడక కక్కుతున్నది ఇది. వేడెక్కినకొద్ది లోపల గాలి ఉబ్బుతది. బయటికి తొవ్వ లేకుంటే నూనెను నూకుతది." దబ్బనంతో పొడిచాడు. బండిని నిట్టనిలువుగా నిలబెట్టి, పక్కనున్న చిన్న మరను విప్పి, ఎక్కువైన నూనెను చుక్క ఆగేదాకా కారనిచ్చి, మళ్లీ బిగించాడు.

మర్నాడు పొద్దున పళ్లెం పొడిగా ఉంది. దసరాకి బండి కడిగి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినప్పుడూ పొడిగానే ఉంది. నేను గంతులేశాను. నాయనమ్మ మాత్రం ఆ పళ్లెం చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"ఇన్నొద్దులు నాకు చెప్పేది" అంది. "దాని నోరు కుట్టిండ్రు మీరిద్దరు."

ఆ రోజుల్లోనే మా ఇంటికి తెల్ల కార్లు రావడం మొదలైంది. చేను అడిగేవాళ్లు. నాయిన అమ్మేద్దామన్నాడు. నాయిన చెడ్డవాడు కాదు. ఊరంతా అమ్ముతోంది, చుట్టూ గుండ్లు పోతున్నాయి, మధ్యలో జొన్న వేసుకుని ఏం చేస్తామన్నది ఆయన మాట. కాని భూమి ఇద్దరన్నదమ్ములది, చిన్నాయన ఒప్పుకోలేదు.

దసరా వెళ్లిన ఆదివారం పొద్దున చిన్నాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బట్టసంచిలో సీతాఫలాలు ఏరి ఏరి పెట్టుకున్నాడు, సాయంత్రానికి మెత్తబడేవి. ఒక మాట అడుగుతాను, మావాళ్లెవరైనా జవాబు చెప్పండి. ఊరొదిలి పారిపోయే మనిషి, ఆ రోజే తినాల్సిన సీతాఫలాలు పట్టుకుపోతాడా?

నాయిన వాకిట్లో పళ్లు తోముకుంటూ, "సంతకం సంగతి తేల్చి పో తమ్మీ" అన్నాడు.

"పెండ్లి అయినంక అడుగన్నా."

"అయినంక పెడ్తవా?"

"అప్పుడు గూడ పెట్ట. ఈడ్నే ఇల్లు కట్టుకుంట" అని నవ్వాడు.

నాయిన నవ్వలేదు. "మనది కాని మనిషిని తెచ్చుకొని, మనది కాని తీరున బతుకుతనంటవు" అని ఉమ్మేసి లోపలికి పోయాడు. అన్నదమ్ముల మధ్య ఆ కాలంలో రోజూ జరిగే మాటే, అంతకు మించి ఏమీ లేదు.

నన్ను తీసుకుపొమ్మన్నాను. "పెండ్లి మాటలకు నువ్వెందుకు? నువ్వొస్తే నోరంతా నీదే అయితది." నేను అలిగి బండికి అడ్డం నిలబడ్డాను. "పానాలు యాడనో దాచిపెట్టకు" అన్నాడు, కిక్కు మీద కాలు పెట్టి. "సాయంత్రం వచ్చినంక వేడి మీద నూనె మట్టం చూడాలె. చల్లగున్నప్పుడు చూస్తే అది అబద్ధం చెప్తది." సాయంత్రం అన్నాడు. నా చెవులతో విన్నాను.

మా ఇంటి నుంచి లింగంపల్లికి రెండు దారులు. ఒకటి పెద్ద రోడ్డు. ఇంకోటి గుండ్ల మధ్య నుంచి, పాత క్వారీ గుంత గట్టు మీదుగా పోయే అడ్డదారి. రాళ్లు తీసి తీసి అక్కడ బావి కంటే లోతైన గుంత పడింది, వానలకు నిండి పచ్చటి నీళ్లతో ఉండేది. గట్టు మెత్తబడిందని ఆ ఏడాది మేకలవాళ్లు కూడా అటు పోవడం మానేశారు. మా వీధి చివర చిన్నాయన ఎటు తిరిగాడో ఎవరూ చూడలేదు. చూడాల్సిన అవసరం మాకు ఎప్పుడూ రాలేదు కదా.

మధ్యాహ్నం వాన దంచికొట్టింది. టైరు జాడలు కూడా మిగల్లేదు. సాయంత్రం నేను పానాలు గోనెపట్టా మీద వరసగా పెట్టుకుని కూర్చున్నాను. చీకటి పడ్డాక అమ్మ వచ్చి వాటిని లోపలికి తీసింది.

మర్నాడు స్పర్శరేఖ పాఠం అయ్యాక టీచర్ నన్ను వరండాలోకి పిలిచింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఏమ్మా, మీ చిన్నాయన నిన్న వస్తానన్నారు. పులిహోర చేసి కూర్చున్నాం. రాలేదేం?"

"వచ్చిండు టీచర్" అన్నాను. "పొద్దున్నే బయల్దేరిండు."

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. లెక్క ఆమెకూ నాకూ ఒకేసారి అర్థమైంది.

నాయిన వెతికాడు, లేదనను. కల్లు కంపౌండుకు పోయాడు, స్టేషను దాకా పోయాడు. కాని ఎట్లా వెతికాడో నాకు తెలుసు, నేనూ వెంట ఉన్నాను. తలొంచుకుని నేల చూస్తూ నడిచాడు. కల్లు కంపౌండు ముందు నేల చూసి, లోపలికి తొంగి అయినా చూడకుండా వెనుదిరిగాడు. హోటలు ముందు అదే పని. ఒక్క మనిషిని ఆపి, మా తమ్ముణ్ని చూశారా అని అడగలేదు. మేము ఏళ్ల తరబడి ఆ మనిషిని వెతకలేదు, నూనెను వెతికాం. ఇప్పుడు నూనె లేదు. "సుక్క లేదు. ఇటు రాలే" అనేవాడు ప్రతి చోటా. వాన పడకముందు కూడా అక్కడ చుక్క ఉండే వీలు లేదని, ఆపింది మేమే కదా అని నేను మొత్తుకున్నాను. ఆయన విననట్టే నడిచాడు.

నేనొక్కదాన్నే గుంత దగ్గరికి పోయాను. గట్టు ఒకచోట కొరికినట్టు విరిగి ఉంది. వానకు విరిగిందో మరెట్లా విరిగిందో చెప్పలేను. నీళ్ల మీద రంగురంగుల పొర ఒకటి, ఎండకు ఊదాగా, పచ్చగా మెరుస్తూ, మెల్లగా తిరుగుతోంది. కిందికి జారి, వేలు ముంచి వాసన చూశాను. ఆ వాసనే అనిపించింది. ఇంటికి పరుగెత్తి నాయిన చెయ్యి పట్టుకుని గుంజాను.

"ఒక్కసారి వచ్చి చూడు నాయినా."

"రాళ్లు పేల్చేటోళ్ల మిషన్ల డీజిలది. పోయి సదువుకో."

"డీజిల్ వాసన నాకు తెల్వదా?"

"చెయ్యి ఇడువు" అన్నాడు. నేను విడిచాను.

అప్పుడే, నాయనమ్మ అన్నం ముట్టకుండా వాకిట్లో కూర్చున్న ఆ నాలుగైదు రోజుల్లోనే, బొంబాయి మాట మా ఇంట్లో మొదటిసారి వినబడింది. అన్నది నాయినే. "స్టేషన్ల చూసినోళ్లు చెప్పిండ్రే అమ్మా. బొంబాయి రైలెక్కిండట. బండిని గూడ రైలుకేసిండట." ఎవరు చూశారో చెప్పలేదు. నాయనమ్మ ఆ రాత్రి అన్నం తిన్నది. చనిపోయేదాకా కొడుకు బొంబాయిలో ఉన్నాడనే నమ్మింది. సీతాఫలాల కాలం వచ్చినప్పుడల్లా, "ఆడ దొరుకుతయో లేదో వానికి" అనేది. ఇన్నేళ్లుగా మావాళ్లు నవ్వుకుంటూ చెప్పుకునే కథ అది. ఒక ముసలామెకు ముద్ద దిగడానికి పుట్టిన కథ. నాకు ఆ సంగతి తెలుసు, అందుకే అప్పుడు గట్టిగా అరవలేదు. కాని ముసలామె పోయింది కదా. ఇంకా ఎవరికోసం చెప్తున్నారు?

టీచర్ సెలవులకు వాళ్ల ఊరు వెళ్లి మళ్లీ రాలేదు. వెళ్లేముందు ఒకసారి మా ఇంటికి వచ్చింది. వాకిలి దాకా వచ్చి, బండి ఉండే చోటును చూసి, "మంచినీళ్లు ఇస్తారా అండీ" అని అమ్మను అడిగి, తాగి వెళ్లిపోయింది. ఆమె వచ్చింది నీళ్ల కోసం కాదని ఇంట్లో అందరికీ తెలుసు.

ఎండలు ముదిరే నాటికి భూమి పోయింది. చిన్నాయన లేకుండా ఎట్లా పోయిందని అడిగితే, పెద్దల మాటల్లో నీకేం పని అన్నారు. కొన్నవాళ్లకు గుంత కూడా అందులోకే వచ్చింది. ఆ జాగా మీద ఇప్పుడు ఎన్నో అంతస్తుల అద్దాల బిల్డింగ్ ఉంది. కింద కార్లు పెట్టుకునే అంతస్తులే మూడు. నేను పనిచేసే ఆఫీసుకు రోజూ దాని ముందు నుంచే పోవాలి. తల తిప్పుకోను. తల తిప్పుకునే అలవాటు నాకు లేదు.

నాయిన ఇప్పుడు మా తమ్ముడి దగ్గర ఉంటాడు. చెవులు బాగా పనిచేస్తాయి, మతి బాగా పనిచేస్తుంది. నేను అడగబోతే టీవీ శబ్దం పెంచుతాడు, లేదా మనవణ్ని పిలుస్తాడు. పెళ్లి రోజు పార్కింగు మెట్ల మీద నేను దగ్గరికి పోతే, "పోయినోడు పోయిండు, నువ్వింక ఇడువు బిడ్డా" అని, అందరికంటే ముందు లేచి కారెక్కాడు.

విడుస్తాను. ఒక్కటి చెప్తే విడుస్తాను. గుంత పూడ్చడానికి లారీలు వచ్చిన రోజు నేను బడి నుంచి ఆ అడ్డదారినే వచ్చాను. గుండ్రటి బిల్డింగ్ దగ్గర పేల్చిన బండలన్నీ తెచ్చి గుంతలో పోస్తున్నారు. దుమ్ము, చప్పుడు. గట్టు మీద ఒక మనిషి ఒంటరిగా నిలబడి ఉన్నాడు. పొద్దున్నుంచి అట్లాగే ఉన్నాడని లారీ డ్రైవరు చెప్పాడు. దగ్గరికి పోతే మా నాయిన. నన్ను చూడలేదు. తలకు చుట్టుకునే రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. చెప్పులు దూరంగా ఒక రాయి పక్కన జతగా విడిచి ఉన్నాయి. ఎండకు కాలిన బండ మీద ఒట్టి కాళ్లతో నిలబడ్డాడు. నేను పిలవలేదు, వెనక్కి తిరిగి పెద్ద రోడ్డు గుండా ఇంటికి వచ్చాను.

నాయినా, నీ తమ్ముడు బొంబాయిలో ఉంటే, ఆ రోజు అక్కడ చెప్పులెందుకు విడిచినవు?